సంచిలో పట్టే కాఫీ మర

కార్డు
నాగులవరం క్యాంపు, వయా మాచర్ల
9-7-1946

చి॥ సౌ॥ అనసూయకు,

ఆశీస్సులు. నేను క్షేమం. అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు. నువ్వు రైలు గార్డు చేత పంపిన కాఫీ పొడి అందింది. మూత తీస్తే ముద్దకట్టి ఉంది, దారిలో వాన కొట్టిందట. పోయినసారి పొడి బాగానే చేరింది గాని నాలుగో రోజుకే వాసన పోయి వేడినీళ్ళు తాగినట్టయింది. మా సర్వే పార్టీ పది రోజులకోసారి డేరాలు పీకి ఇంకో చోట వేస్తుంది. ఎప్పటికప్పుడు గింజలు విసురుకుంటే తప్ప ఇక్కడ కాఫీ అనే మాట మరిచిపోవలసిందే. మన వంటింటి గోడకు బిగించిన మరలాంటిది డేరాలో కుదరదు. చేత్తో తిప్పుకునేది, సంచిలో పట్టేది ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు. అది ఉంటే వేయించిన గింజలు పంపితే చాలు. నీకు పొడి విసిరే శ్రమ తప్పుతుంది.

ఇట్లు,
త్రికోటేశ్వరరావు


నరసరావుపేట
15-7-1946

శ్రీవారికి,

నమస్కారాలు. మీ కార్డు ముందు కొట్లో చదివారు, తరవాత వసారాలో చదివారు, నా చేతికి వచ్చేసరికి దానికి మిరపకాయల ఘాటు పట్టింది. కార్డు మీద మామయ్యగారి పేరు రాస్తే పోస్టుమాను కొట్లోనే ఇచ్చిపోతాడని తెలిసీ కార్డే రాస్తారేమిటి? మామయ్యగారు నలుగురి ముందూ పైకి చదివి, "కొట్టు ఇడిచిపెట్టి గొలుసు పట్టుకుని కొండలు కొలవబోయినోడికి కాఫీ ఒకటి తక్కువయిందంట" అన్నారట. అని, ఆ కార్డును మడత పడకుండా జాగ్రత్తగా ఇంటికి పంపారు. మీరు సర్వే ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పటికీ ఆయన నోట "వాడు" అనే తప్ప మీ పేరు రాదు.

ఇకనుంచి కవరు రాయండి. కవరు ఎవరూ చింపరు. నేను ఎంతసేపు చదివానో మాత్రం అత్తయ్య చూస్తుంది. అందుకని ఆవిడ ముందు ఒకసారి గబగబా చదివి, గింజలు వేయించేటప్పుడు పొయ్యి దగ్గర నిదానంగా మళ్ళీ చదువుకుంటాను.

శ్రమ అన్నారు. నేనెప్పుడైనా అన్నానా? మీకు పంపే పొడి విసిరే రోజున నాకు మీతో కూర్చుని మాట్లాడినట్టుంటుంది. ఆ ఒక్క పనీ తీసేస్తే మీకోసం నేను చేసేది ఇంకేముంది ఇక్కడ?

అయినా మీరు అడిగారు కాబట్టి వెతికాను. బజార్లో ఇనుప మర ఒకటుంది. బల్ల అంచుకు మరచుట్టుతో బిగించాలి. మీ డేరాలో బల్ల ఉందా? రెండోది చెక్కపెట్టె. మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పితే పొడి కింద సొరుగులో పడుతుంది. చూడ ముచ్చటగా ఉంది గాని వానకు చెక్క ఉబ్బి సొరుగు రాదనిపించింది. మూడోది కొనేది కాదు. మన పెరటిగోడ అవతల తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేసే జాన్ సాహెబు అన్న లేడూ, ఆయన భార్య సయీదా వదిన దగ్గర ఉంది. వాళ్ళ తాతగారు మక్కా నుంచి తెచ్చుకున్నదట. గుప్పిట్లో పట్టే ఇత్తడి గొట్టం. పైమూత తీసి గింజలు పోసి, పిడి తగిలించి తిప్పితే పొడి కింది సగంలోకి దిగుతుంది. పని అయ్యాక పిడి ఊడదీసి లోపలే పెట్టుకోవచ్చు. తాతగారి గుర్తు గనక అది ఇవ్వరు. కాని దాన్ని చూసి అచ్చంగా అలాంటిదే చేసిపెడతానంటాడు జాన్ సాహెబు అన్న. ఏది కావాలో రాయండి.

మీ
అనసూయ


నాగులవరం క్యాంపు
24-7-1946

అనసూయా,

మూడోదే. ఇంకో ఆలోచన లేదు. నీ కవరు రాకముందే ఇక్కడ ఒక ప్రయోగం జరిగింది. మా గొలుసు లాగే మనిషి నెహెమ్యా, "మర ఎందుకయ్యా, నేను రోట్లో దంచకరానా" అని ఊళ్ళోకి పోయి గింజలు దంచుకొచ్చాడు. అది కారం దంచే రోలు. ఆ పూట నేను తాగింది కాఫీ కాదు, మన కొట్టు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నెహెమ్యా, "అమ్మగారు యాదికొచ్చారా అయ్యా" అన్నాడు. అవునన్నాను. అబద్ధం కాదు.

జాన్ సాహెబుకు ఈ కొలతలు చెప్పు. పొడవు జానకు మించకూడదు. లావు గుప్పిట్లో ఇమడాలి. కొలత సామాను పెట్టుకునే తోలుసంచిలో ఒక పక్కన నిలబడాలి. పొడి మరీ మెత్తగా రాకూడదు, బొంబాయి రవ్వకంటే కాస్త సన్నం. అది బిగించుకోవడానికీ వదులు చేసుకోవడానికీ అడుగున ఒక మరచుట్టు ఉండాలి. పిడి పోతే మర్నాటినుంచి గతి లేదు గనక పిడికి గొలుసు పెట్టమను. పరిమాణం ఒక్క గ్లాసు కాఫీకి సరిపడితే చాలు. అంతకు మించితే అనవసరపు బరువు.

నీ
త్రికోటి


నరసరావుపేట
31-7-1946

శ్రీవారికి,

మీ ఉత్తరం చేరింది. కొలతలన్నీ జాన్ సాహెబు అన్నకు చెప్పలేదు. ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఒక్క గ్లాసు అన్నారు. జానెడు పొడవన్నారు, రవ్వకంటే సన్నమన్నారు, పిడికి గొలుసన్నారు. అన్నీ ఆలోచించారు. రెండో గ్లాసు మాత్రం అనవసరపు బరువన్నారు.

వాన ఇంకా వదల్లేదు. ఇంట్లో అందరూ క్షేమం.

అనసూయ


పుల్లారెడ్డిగూడెం క్యాంపు
12-8-1946

అనసూయా,

నీ ఉత్తరం నాలుగు ముక్కలదే అయినా తోలుసంచి కంటే బరువుగా ఉంది. కృష్ణ ఒడ్డుకు మారాం. వరద ఎర్రగా పోతోంది. నువ్వు కోప్పడ్డావని తెలిసి రెండు రోజులు గొలుసు లెక్కలు తప్పు రాశాను, మా ఓవర్సీరు చేత మాటలు పడ్డాను.

నువ్వు రావాలని నాకు లేదనుకుంటున్నావా? ఇక్కడ డేరాల్లో ఆడవాళ్ళకు వీలు కాదు. కాని కుటుంబాలున్నవాళ్ళు మాచర్లలో గదులు తీసుకుని, శనివారం పోయి సోమవారం వస్తారు. వాళ్ళు శనివారం మధ్యాహ్నం నుంచే గడ్డాలు గీసుకుని, చొక్కాలు దులుపుకుంటుంటే నేను చూస్తూ కూర్చుంటాను. నాకూ ఆశ లేకపోలేదు. ఉగాదికి వచ్చినప్పుడు నాన్నగారిని అడిగాను గదా. ఆయన పంపనన్నారు. కొట్లో కూర్చునేదాకా కోడలు కదలదన్నారు. నీకు అప్పుడే చెప్పాను. ఆయన పంపనప్పుడు రెండు గ్లాసుల మర చేయించుకుని రోజూ దాని సగం ఖాళీగా తిప్పడం ఎందుకని ఒక్కటి రాశాను. అంతకంటే అందులో ఏమీ లేదు.

నీ
త్రికోటి


నరసరావుపేట
3-9-1946

శ్రీవారికి,

మర మొదలుపెట్టారు. గొట్టానికి పాత పంపు ఇత్తడి దొరికింది. లోపల గింజను నలిపే ముక్కకు మాత్రం మంచి ఉక్కు కావాలట. యుద్ధం అయిపోయాక అమ్మేసిన మిలిటరీ లారీ ఇనుము ఒకటి అన్న దగ్గర ఉంది. దానికి ఆకురాయితో పళ్ళు తీస్తున్నాడు. రోజుకు రెండు పళ్ళు. నేను పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఆ చప్పుడు వింటాను. అది ఆగితే గోడ దగ్గరకు పోయి, "ఏమయింది వదినా" అని అడుగుతాను. సయీదా వదిన నవ్వుతుంది. "నీ మొగుడికి కాఫీ అంత పిచ్చో, నీకు మొగుడంత పిచ్చో తెలవటంలా" అంది నిన్న. నేను తోమిన గిన్నే మళ్ళీ తోమాను.

రెండు గ్లాసులకే చేయమన్నాను. జానకు ఒక అంగుళం పైన ఉంటుంది. బరువు ఎక్కువైతే సగం నేను మోస్తాను. మామయ్యగారు పంపరని మీరు నమ్మారు, నేను నమ్మలేదు. మనిషి మాటకు కటువే గాని, మొన్న నాకు జ్వరం తగిలితే కొట్టు మూసేసి తనే పోయి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చారు. ఇంకోసారి అడుగుదురుగాని.

పేరు చెక్కమన్నాను. మన ఇత్తడి సామాను మీద ఇంటివాళ్ళ పేరుంటుంది గదా, క్యాంపులో నలుగురి సామాను కలిసిపోతే ఎట్లా తెలుస్తుంది? "ఎవరి పేరు చెల్లెమ్మా" అని అన్న అడిగాడు. మీ పేరు నా నోట ఎట్లా చెప్పను? "ఆయనది" అన్నాను. "ఆయనకో పేరుంటది గదా" అన్నాడు. సయీదా వదిన పడీపడీ నవ్వింది గాని తనూ చెప్పలేదు, చెప్పు చెప్పు అని నన్నే గిల్లింది. చివరికి మీ మొదటి కార్డు తీసుకొచ్చి, ఇందులో ఉందన్నాను. "నాకు తెలుగు అచ్చరాలు రావు. కాయితం ఇచ్చిపో, ఉన్నదున్నట్టు దించుతా" అన్నాడు. ఇచ్చాను. మీ కార్డు పక్కన లేకుండా నిద్రపోవడం ఇది రెండో రోజు.

మీ
అనసూయ


పుల్లారెడ్డిగూడెం క్యాంపు
20-9-1946

అనసూయా,

రెండు గ్లాసులే కానీ. ఒక అంగుళం పొడవు ఎక్కువైనా సంచి కుట్టు విప్పించి వేరే కుట్టిస్తాను. సగం బరువు నేను మోస్తానని నువ్వు రాశాక నాకు ఇంకేమీ తోచడం లేదు. పోయిన శనివారం మాచర్ల పోయి ఒక గది చూశాను. చెన్నకేశవస్వామి గుడికి పోయే వీధి. ముందు గది, వెనక వంటిల్లు, నూతి నీళ్ళు మంచివి. వంటింటి కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. అద్దె సంగతి తేల్చకుండా వచ్చేశాను. గది ఆవిడ, "మీ ఇంటోళ్ళు ఎప్పుడొస్తరు బాబూ" అని అడిగింది. నూతి నీళ్ళు ఇంకో చెంబు అడిగి తాగాను.

ఇక్కడ పొద్దుపోయేముందు నది మీద వెలుతురు పడుతుంది. ఆ వేళ అందరూ టీ తాగుతారు. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. నువ్వు పక్కన ఉంటే ఏం మాట్లాడతానో అన్నీ అనుకుంటాను. రాయడానికి కూర్చుంటే ఒక్కటీ రాదు. నిన్ను చూడాలని ఉంది. ఇంతే రాయగలను.

నీ
త్రికోటి


నరసరావుపేట
14-10-1946

శ్రీవారికి,

మీ మర మీకు రాదు. మొదటే చెప్పేస్తున్నాను.

పోయిన శుక్రవారం అది తయారైంది. జాన్ సాహెబు అన్న నమాజుకు పోతూ పోతూ దారిలోనే గదా అని, మీ అబ్బాయి చేయించిందని చెప్పి కొట్లో ఇచ్చిపోయాడు. దాని మీద ఏమి చెక్కాడో తెలుసా? "కొత్తమాసు అంకయ్య గారు." కార్డు ఒక వైపు కింద మీ సంతకం, పిల్ల గీతల్లా ఉంది. రెండో వైపు మామయ్యగారి పేరు, అచ్చు వేసినట్టు పెద్ద అక్షరాలు. చదవడం రాని మనిషి పెద్దదాన్నే పేరనుకున్నాడు. "గారు"తో సహా దించేశాడు. మీ పేరు నేను నోరు తెరిచి చెప్పి, వేలు పెట్టి చూపి ఉంటే ఇంత జరిగేది కాదు. తప్పు నాది.

మామయ్యగారు ఆ మర పట్టుకుని ఇంటికొచ్చారు, కొట్టు వేళలో. అత్తయ్యను పిలిచి, "చూశావటే, వాడు నా పేరు చెక్కించి పంపాడు. గారు అని కూడా పెట్టించాడు" అన్నారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను. ఇప్పుడది కొట్లో గల్లాపెట్టె పక్కన ఉంది. వచ్చినవాళ్ళందరికీ మూత తీసి చూపిస్తున్నారు. "మావాడు పంపాడు, యాత్రలకు పోయేటప్పుడు సంచిలో పడేసుకోవచ్చు" అంటున్నారట. చానా రోజుల తరవాత ఆయన మావాడు అన్న మాట ఇది. కొట్లో కాఫీ తాగని మనిషి రెండు పూటలా గింజలు తెప్పించుకుని తనే విసురుకుంటున్నారు.

అసలు సంగతి ఇది కాదు. నిన్న భోజనం దగ్గర నన్ను అడిగారు. "ఏమ్మా, వాడు నిన్ను తీసకపోతానని ఎప్పుడన్నా అన్నాడా? నన్నయితే ఒక్క మాట అడగలా" అన్నారు.

"ఉగాదికి అడిగారు గదండీ" అన్నాను.

"ఉగాదికా? నా ముందు నిలబడితే గదా అడగటానికి. గుమ్మంలోనించే చెప్పులేసుకుని పోయాడు. వాడు అడిగితే పంపకుండా నిన్నేం చేసుకుంటానమ్మా" అన్నారు. తరవాత మజ్జిగ పోయమన్నారు. పోశాను.

ఆరు నెలలుగా నేను ఆయన్ను చూసినప్పుడల్లా, నన్ను నా మనిషి దగ్గరకు పోనివ్వనిది ఈయనే అని మనసులో అనుకుంటూ అన్నం వడ్డించాను. ఆ పాపం ఎవరిది? మీరు అడగలేదు. అడిగానని నాకు చెప్పారు. కాదన్నారని కూడా చెప్పారు. మీ గది, మీ కిటికీ, మీ కొండ, ఇవి చదివి నేను ఏడ్చిన ఏడుపంతా ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అనసూయ


పుల్లారెడ్డిగూడెం క్యాంపు
23-10-1946

అనసూయా,

అడగలేదు. నువ్వు రాసింది నిజం.

నేను కొట్టు వదిలిన రోజు నాన్నగారు అందరి ముందూ, "పో, ఇకమీద నీకు ఏది కావాల్సొచ్చినా నన్ను అడగమాక" అన్నారు. ఆ మాట నేను రాయిలా మోస్తున్నాను. ఉగాదికి నిన్ను పంపమని అడగాలనే వచ్చాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. కొట్టు ముందు దిగేసరికి ఆయన తక్కెడ పట్టుకుని తల ఎత్తలేదు. చూసీ చూడనట్టు ఉన్నారని నాకు అభిమానం పొడుచుకొచ్చింది. కాదంటే నీ ముందు నా మొహం ఎట్లా పెట్టుకోవాలో తెలియక, కాదన్నారని ముందే చెప్పేశాను. చెప్పాక అది నిజమేనని నాకూ అనిపించడం మొదలైంది. ఆయన మీద కోపం నాకు బాగా పనికొచ్చింది, అడిగే అవసరం లేకుండా.

నన్ను ఏమన్నా అను. కాని కోపంగానైనా రాయి. ఈ నెలలో నీ కవరు రాకపోతే నేను ఇక్కడ ఉండలేను. మర ఆయన దగ్గరే ఉండనీ. ఆయనకు నిజం చెప్పి ఆ సంతోషం తీసేయకు. నేను మెల్లిగా సంక్రాంతి వెళ్ళాక వచ్చి, వీలు చూసి అడుగుతాను.

త్రికోటి


నరసరావుపేట
29-10-1946

శ్రీవారికి,

వీలు చూడవద్దు. మెల్లిగా వద్దు. ఆయన్ను అబద్ధంతో సంతోషపెట్టవద్దు. ఆ మర నలుగురికీ చూపించుకుంటున్న మనిషిని మనం ఇద్దరం వెనక నిలబడి చూడటం నాకు చేతకావడం లేదు.

కార్డు రాయండి. కవరు కాదు. కొట్లో పైకి చదివే కార్డు. మర సంగతి ఉన్నదున్నట్టు రాసి, నేను కావాలో వద్దో కూడా అందులోనే రాయండి. ఆయన కోప్పడి నన్ను పంపకపోయినా సరే, అప్పుడు నేను ఎవరికోసం ఏడుస్తున్నానో నాకు తెలుస్తుంది. మీరు గుర్తొచ్చినప్పుడల్లా ఈ కోపం అడ్డం పడుతోంది. అది నాకు మీరు లేకపోవడం కన్నా కష్టంగా ఉంది.

మీ
అనసూయ


కార్డు
పుల్లారెడ్డిగూడెం క్యాంపు, వయా మాచర్ల
5-11-1946

నాన్నగారికి నమస్కారాలు. జాన్ సాహెబు చేసిన కాఫీ మర నేను నాకోసం చేయించుకున్నది. దాని మీద మీ పేరు పొరపాటున పడింది. మీకు పంపాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, పుట్టవలసింది. ఇంకొకటి. అనసూయను నా దగ్గరకు పంపమని అడుగుతున్నాను. ఇంతకుముందు అడగలేదు. అడిగానని ఆమెకు అబద్ధం చెప్పాను. మీరు కాదంటారని భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. అయినా అడుగుతున్నాను. అమ్మకు నమస్కారాలు.

త్రికోటేశ్వరరావు


కార్డు
నరసరావుపేట
12-11-1946

చి॥ త్రికోటేశ్వరరావుకు నాన్న తన చేత్తో రాసేది.

నీ కార్డు చేరింది. బేరాలు ఆపి పైకి చదివాను. సగంలో కళ్ళద్దాలు తుడుచుకోవాల్సొచ్చింది, మిరపకాయల కొట్టు గదా. మర సంగతి నాకు మొదటి రోజే తెలుసు. సామాను ఇచ్చేటప్పుడు ఇచ్చేవాడి పేరు చెక్కిస్తారు గాని పుచ్చుకునేవాడి పేరు గారు పెట్టి ఎవరు చెక్కిస్తారు? జాన్ సాహెబును పిలిచి అడిగితే నోరు నొక్కుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాను. నా కొడుకు పంపాడని నలుగురికీ చెప్పుకోవటం బాగుంది, అందుకని నెల రోజులు ఊరుకున్నా. నన్ను అడగొద్దని నేనన్న మాట నిజం. అన్నప్పటినించీ నువ్వు ఎప్పుడు అడుగుతావా అని కూర్చున్నదీ నిజం. నువ్వు వస్తే తల ఎత్తకుండా ఉన్నది, ఎత్తితే ముందు నేనే మాట్లాడతానేమోనని.

కోడలు అన్నీ చెప్పింది, మాచర్లలో నువ్వు చూసిన ఆ గది మాట్లాడు. వచ్చే ఆదివారం పగటి బండికి కోడల్ని నేనే తీసుకొస్తున్నా. మీ అమ్మ పెట్టె సర్దుతోంది. స్టేషనుకు నీ నెహెమ్యాను పంపొద్దు. ప్లాటుఫారం మీద నువ్వు కనపడితేనే పెట్టె దింపుతా, లేకపోతే ఆ బండికే ఇద్దరం తిరిగొస్తాం.